కోటు ఆయనకి, టికెట్ ఎవరికైనా

పారిస్ ఉత్తరపు అంచున సాంతువాన్ పాతసామాన్ల సంతలో శని, ఆదివారాల్లో సినిమా పోస్టర్లు సేకరించే ఈయన తప్పకుండా తగులుతాడు. మెడలో భూతద్దం, చంకలో అట్టగొట్టం, ముఖాన రైలు తప్పిపోతోందన్న కంగారు. 1931లో రెనే క్లేర్ తీసిన 'ల మిల్యోన్' సినిమా తాలూకు కాగితం ముక్క కనిపించినా చాలు, ఆకలిదప్పులుండవు.

ఆ సినిమాలో అప్పుల్లో మునిగిన చిత్రకారుడికి లాటరీ తగులుతుంది. టికెట్ పాతకోటు జేబులో ఉంది. ఆ కోటును ప్రియురాలు, పోలీసుల నుంచి పారిపోతున్న దొంగకి ఇచ్చేసింది. అక్కణ్ణించి అది సొప్రనెల్లి అనే ఆపెరా గాయకుడికి చేరింది. కోటు కోసం అందరూ ఒకళ్ళమీద ఒకళ్ళు పడి గుంజుకుంటుంటే, క్లేర్ మనకి ఆటస్థలంలోని కేకలూ ఈలలూ వినిపిస్తాడు. మాటల సినిమా ఇంకా పసిగుడ్డుగా ఉన్న రోజుల్లో ఎంత కొంటెతనం! ఇంకోచోట అలిగిన జంట రంగస్థలం మీద తెర చెట్టు వెనక ఇరుక్కుపోతుంది. ముందు భారీకాయుల ప్రేమగీతం, వెనక వీళ్ళ రాజీ.

అక్కడ రాయి కూడా నవ్వుతుంది. ఈయన నవ్వడు. తెర కుడిపక్క పైమూల చూపిస్తూ, "చుక్క పడింది చూశారా? రీలు మారుతోంది" అంటాడు.

ఈయనకి పోస్టరంటే 120 బై 160 సెంటీమీటర్లది. మడతలు లెక్కపెడతాడు. మూలల్లో గుండుసూది చిల్లులు లేకపోతే అనుమానం, ఉంటే బేరం. ఇంటికి తెచ్చి స్నానాల తొట్టిలో పెడతాడు. పాత సినిమాలు భద్రపరిచే సినిమాటెక్ స్థాపించిన ఆన్రీ లాంగ్లువా అంతటివాడు రీళ్ళు తొట్టిలోనే దాచాడట! "ఆయన స్నానం ఎక్కడ చేసేవాడో కూడా కనుక్కో" అంటుంది భార్య.

నాకైతే ఈయన సొప్రనెల్లి వంశంవాడే అనిపిస్తుంది. లోకమంతా టికెట్ కోసం కోటు వెతికితే, ఆ గాయకుడు మాత్రం చిరుగులు తన వేషానికి నప్పాయని కోటునే కొన్నాడు. ఈయన చేతికే ఆ టికెట్ దొరికిందా, బ్యాంకుకి వెళ్ళడు. ప్లాస్టిక్ కవరులో దూర్చి, ఎండ తగలని గోడ వెతుకుతాడు.

మొన్న భార్య ఆ సినిమా చూద్దామంది. డిస్కు ఉంది, దాని సీలు తీస్తే విలువ పడిపోతుందన్నాడు. ఆమె పక్కగదిలో టీవీలో పెట్టుకుని పడీపడీ నవ్వింది. ఈయన తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏ ప్రింటు అది?"