తుంగబాతు ఆత్మకథ

నేను దీమపు బాతును. ఆకాశంలో పోయే బాతుల్ని నమ్మించి నీళ్ల మీదికి దించడం నా పని. నా ఒళ్లు తుంగ, ఈకలు మాత్రం అసలైనవి. వయసు దాదాపు 2,000 ఏళ్లు.

మాది అమెరికా పడమటి కొండల రాష్ట్రం నెవాడా. అక్కడ హంబోల్ట్ నది కొండల నడుమ వందల మైళ్లు నడిచి, సముద్రం ముఖం చూడకుండానే ఒక పల్లంలో ఆగిపోతుంది. ఆ పల్లమే నా పుట్టిల్లు. చుట్టూ ఎండిన నేల, మధ్యలో మడుగులు, వాటి నిండా మనిషెత్తు తుంగ. ఎడారి దాటివచ్చే పక్షులకు అదొక చలివేంద్రం.

మీ ఊళ్లలో తుంగతో చాపలు అల్లుతారు. మా వాళ్లు చాపలతో పాటు పడవలు కట్టారు, బాతుల్నీ కట్టారు. తుంగకాడల కట్టను వంచి నాకు ఒళ్లు చేశారు. మరో కట్టతో మెడ, తల మలిచి, చీల్చిన తుంగతో బిగించి చుట్టారు. తలకు నలుపు, ఎరుపు రంగులు పూశారు. తెల్లని ఈకల మొదళ్లను కట్ల కింద దోపారు. కాన్వాస్‌బ్యాక్ అనే బాతుల్లో మగదానికి ఇటుకరంగు తల, నల్లని రొమ్ము, తెల్లని వీపు ఉంటాయి. నేను అచ్చం దానిలాగే ఉండాలి మరి.

పైన ఎగిరే బాతు ముందు నీళ్లను వెతుకుతుంది. తర్వాత ఆ నీళ్ల మీద తనవాళ్లున్నారా అని చూస్తుంది. తోటి బాతులు నిశ్చింతగా ఉన్నచోట భయం లేదని దాని నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను మోసం చేశాను. ఆ మాట దాచను. నన్ను చూసి దిగిన బాతు ఒక ఇంటిల్లిపాదికీ చలికాలపు తిండి అయింది.

వేట ముగిశాక మమ్మల్ని పారేయలేదు. మేం 11 బాతులం. కొండగుహలో గుంట తవ్వి, అడుగున మమ్మల్ని పడుకోబెట్టి, పైన చాప పరిచి, అదే గుంట అడుగు అన్నట్టుగా కప్పేశారు. మళ్లీ చలికాలం వస్తుంది, బాతులు వస్తాయి, మేమూ వస్తాం అని ఆ కప్పిన చేతుల మాట. ఎందుకో ఆ చేతులు తిరిగి రాలేదు.

గబ్బిలాల రెట్ట మా మీద అడుగులకొద్దీ పేరుకుంది. 1911లో ఎరువు కోసం దాన్ని తవ్వుకుపోయారు. 1924లో మార్క్ హారింగ్టన్, లెవెలిన్ లౌడ్ అనే పరిశోధకులు ఆ లవ్‌లాక్ గుహలో తవ్వినప్పుడు మేం మళ్లీ వెలుతురు చూశాం. గుహ పొడిగా ఉండబట్టి ఈకలు సైతం నిలిచాయి.

నేను చీకట్లో ఉండగా బయట వేట తీరే మారింది. తుపాకులొచ్చాయి. బజార్లో అమ్మడానికి బాతుల్ని, పెద్దబాతుల్ని లెక్కాపత్రం లేకుండా కాల్చారు. అది మరుసటి ఏడు గుర్తులేని వేట. నీళ్లకూ అదే గతి పట్టింది. 1905లో ట్రకీ నది మీద డెర్బీ ఆనకట్ట కట్టి నీటిని పొలాలకు మళ్లించారు. 1930ల చివరికల్లా ఆ నది నీళ్ల మీద బతికే విన్నెముక్కా సరస్సు ఎండిపోయింది. నీళ్లు లేనిచోట ఎంత చక్కటి దీమమైనా ఒక్క బాతును దించలేదు.

మెల్లగా మనుషులకు మరుసటి ఏడు గుర్తొచ్చింది. 1918లో వలస పక్షుల చట్టం వచ్చింది. 1934 నుంచి బాతుల వేటకు వెళ్లేవాళ్లు ఏటా ప్రభుత్వ స్టాంపు కొంటున్నారు. మొదట దాని ధర ఒక్క డాలరు, తర్వాత 25 అయింది. ఆ డబ్బుతో చిత్తడి నేలల్ని కొని కాపాడుతున్నారు. బతికున్న బాతుల్ని దీమాలుగా కట్టేయడాన్ని 1935లో నిషేధించారు. మడుగుల అడుగున పడ్డ సీసపు గుండ్లను మింగి బాతులు చచ్చిపోతున్నాయని 1991 నుంచి బాతుల వేటలో ఆ గుండ్లనూ దేశమంతటా మాన్పించారు. నెవాడాలోని స్టిల్‌వాటర్ చిత్తడి నేలల కోసం నీటి హక్కులు కొనడానికి 1990లో చట్టమే చేశారు. ఇవన్నీ నాకు ఆ గుంట మీద చాప పరిచిన చేతుల్లాగే కనిపిస్తాయి. రేపటి కోసం దాచడం తెలిసినవాడే వేటగాడు.

1995లో నెవాడా ప్రభుత్వం తుంగబాతును రాష్ట్ర పురావస్తు చిహ్నంగా ప్రకటించింది. నేనిప్పుడు స్మిత్‌సోనియన్ వారి అమెరికన్ ఇండియన్ మ్యూజియం సంరక్షణలో ఉన్నాను. నీళ్లు నన్ను తాకి ఎన్నో వందల ఏళ్లయింది. కానీ స్టిల్‌వాటర్ ప్రాంతపు పయూట్ ఆదివాసులు పచ్చితుంగ కోసి నాలాంటి బాతుల్ని కట్టే విద్యను నేటిదాకా నిలబెట్టుకొచ్చారు. ఈ చలికాలం వాళ్ల తుంగబాతు ఒక్కటి మడుగులో తేలి, దాని పక్కకు ఆకాశం నుంచి ఒక బాతు దిగితే, ఆనాడు మూసిన నా గుంటను ఆ చేతులే వచ్చి తెరిచినట్టు.