ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పుస్తకం

నా పేరు ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’. ఇంగ్లిష్ మాటలు నేర్పే పుస్తకాన్ని. నన్ను రాసింది నార్మన్ లూయిస్. మొదటిసారి 1949లో అచ్చయ్యాను. ఈ ప్రతి మాత్రం చాలా ఏళ్ల తర్వాతది. ప్రస్తుతం ఆదివారం పూట హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద సెకండ్ హ్యాండ్ పుస్తకాల వరసలో ఉంటున్నాను.

నన్ను పక్కనుంచి చూస్తే చాలు, నా చరిత్ర తెలిసిపోతుంది. మొదటి అధ్యాయాల అంచులు చెమట చేతులకు నల్లబడ్డాయి. మనుషుల స్వభావాలు, డాక్టర్ల పేర్ల అధ్యాయాలు అయ్యేసరికి చాలామంది ఆగిపోయారు. సెమిస్టర్ పరీక్షలు అడ్డమొచ్చేవి.

నా మొదటి యజమాని ఇంజినీరింగ్ కుర్రాడు. అమెరికా వెళ్లాలని జీఆర్ఈకి చదివేవాడు. అప్పట్లో అందులో వ్యతిరేక పదాలు, అనాలజీలు అడిగేవారు. అందుకని నన్ను పక్కనపెట్టి, బారన్స్ గైడులోని 3,500 మాటల జాబితాను ‘ఏ’ నుంచి బట్టీ పట్టేవాడు. పొద్దున చదివింది రాత్రికి ఉండేది కాదు. పాపం, ఎంత కష్టపడేవాడో! అర్థంలేని అక్షరాలను తానే వల్లెవేసి, ఎంతసేపు గుర్తుంటాయో కొలిచిన ఎబ్బింగ్‌హాస్ ఆ సంగతి 1885లోనే చెప్పాడు: నేర్చుకున్న తొలి గంటల్లోనే ఎక్కువ భాగం జారిపోతుంది, ఎడమిచ్చి మళ్లీ మళ్లీ చదివితే నిలుస్తుంది. 2011 ఆగస్టులో జీఆర్ఈ మారి, ఆ రెండు రకాల ప్రశ్నలూ పోయాయి. మాటల ప్రశ్నల్లో వాక్యంలోని ఖాళీకి తగిన మాట ఎంచుకోవడమే మిగిలింది. నాకెంత సంతోషమేసిందో! మాట బతికేది వాక్యంలోనే కదా.

తర్వాత తెలుగు మీడియంలో చదివి, డిగ్రీకి నగరానికొచ్చిన అమ్మాయి చేతికి వచ్చాను. ‘వర్ట్’ అంటే లాటిన్‌లో తిరగడం అన్న చోట ఆ పిల్ల ఆగింది. లోపలికి తిరిగినవాడు ఇంట్రోవర్ట్, బయటికి తిరిగినవాడు ఎక్స్‌ట్రోవర్ట్. అంచున పెన్సిల్‌తో కన్వర్ట్, డైవర్ట్, రివర్ట్ అని తనే చేర్చుకుంది. ఉన్నట్టుండి పక్క మంచం మీది స్నేహితురాలిని తట్టి లేపింది.

“ఒసేయ్, మన హాస్టల్ ఇన్వర్టర్ కూడా ఇందులోదేనే!”

ప్రతి కొత్త మాటకూ సొంత బతుకులోంచి ఒక వాక్యం రాసేది. డైవర్ట్ పక్కన రాసింది చదివి నా మనసు కరిగింది: విత్తనాలకు దాచిన డబ్బు వాళ్ల నాన్న ఆమె ఫీజుకు మళ్లించాడట. వారానికోసారి వెనక్కి వెళ్లి పాత పేజీలు చూసుకునేది. అలా అబద్ధాలకోర్ల అధ్యాయం, శత్రువులను తిట్టే అధ్యాయం దాటి, స్నేహితులను మెచ్చుకునే అధ్యాయానికి చేరింది. నన్ను అంతదూరం తీసుకెళ్లింది ఆమె ఒక్కతే.

ఫేర్‌వెల్ ముందు రాత్రి నన్ను ఒళ్లో పెట్టుకుని, వార్డెన్ గారి గురించి మాట్లాడడం సాధన చేసింది. ఆవిడ అలుపెరగని మనిషి. అదే అర్థమున్న ‘ఇన్‌డిఫాటిగబుల్’ అన్న మాటకు మొదట్లో నాలుక తిరగలేదు. నేను ముక్కలుగా విడదీసి చూపిన ఉచ్చారణను వేలితో పట్టుకుని పలికింది. మర్నాడు వేదిక మీద తడబడలేదట.