ఉప్పు చూసే మామ

నంద్యాల జిల్లా ఆత్మకూరు పక్క ఏ బంధువర్గంలో చూసినా ఉప్పు చూసే మామ ఒకాయన తగులుతాడు. వరస ఒక్కొక్కరికి ఒక్కో విధం. కొందరికి మామ, కొందరికి చిన్నాయన, పక్కింటివాళ్లకు అన్న. పని మాత్రం ఎవరింట్లోనైనా అదే: పొయ్యి మీద ఉడికేది గరిటెతో అరచేతిలో వేయించుకోవడం, ఊదడం, నాలుకకు తాకించుకుని కళ్లు మూసుకోవడం, తర్వాత తీర్పు చెప్పడం. ఈ పదవికి జీతం లేదు. చాలామంది అసలు ఉద్యోగంలోంచి రిటైరయిన మర్నాడే ఇందులో చేరతారు, మళ్లీ ఎవరూ రిటైర్ చేయించలేరు.

మామ నిలబడే చోటు వంటింటి గడప. లోపలికి వస్తే ఎవరో ఒకరు ఎర్రగడ్డలు తరగమంటారు. దూరంగా కూర్చుంటే తాలింపు చప్పుడు వినపడదు. అందుకని భుజం ద్వారబంధానికి ఆనించి, టీ గ్లాసు పట్టుకుని, రాకపోకలకు అడ్డంగా నిలబడతాడు. గ్యాస్ పొయ్యి మీట ఎటు తిప్పాలో ఆయనకు తెలియదు, మంట ఎంత ఉండాలో తెలుసు. తెల్లగడ్డ మాడిందా, ఆవాలు చిట్లకముందే ఎండుమిరపకాయ వేశారా అనేది వాసనతోనే చెప్పేస్తాడు. చెప్పింది తొంభై పాళ్లు నిజమే అవుతుంది. ఇంట్లోవాళ్లకు అసలు కష్టం అదే. తప్పు చెప్పేవాడయితే ఒకసారి నవ్వి ఊరుకోబెట్టవచ్చు.

ఆయన తీర్పు ఎప్పుడూ ఒకే వాక్యంతో మొదలవుతుంది: "బాగనే ఉండాది గానీ..." ఆ 'గానీ' దగ్గర కొత్త కోడలు గరిటె దించుతుంది, పాత కోడలు దించదు. గానీ తర్వాత వచ్చేది ఉప్పయినా కావచ్చు, కారమైనా కావచ్చు, చివరికి మాత్రం 'మా యమ్మ' దగ్గరికే చేరుతుంది. మా యమ్మ బుడ్డల (వేరుశనగల) చట్నీ రోట్లో నూరేది. మా యమ్మ పప్పు మట్టికుండలో, కట్టెల పొయ్యి మీద, గానుగ బుడ్డల నూనె తాలింపుతో చేసేది. నీళ్లు ఫలానా బావివి. ఆ బావి పూడిపోయింది, ఆ రోలు గొడ్లకు కుడితి పోసే తొట్టిగా మారింది, ఆ యమ్మ ఇప్పుడు లేదు. అందువల్ల ఈ పోటీలో ఏ కోడలూ గెలిచిన దాఖలా లేదు. ఆ యమ్మ బతికున్నప్పుడు ఆమె వంటకూ "గానీ" ఉండేదని, అప్పుడు సాక్ష్యానికి వచ్చేది జేజి అని, మామ అక్కగారు ఒక్కరే చెప్పగలరు. ఆవిడను అడిగేవాళ్లు లేరు.

జొన్నరొట్టె విషయంలో మాత్రం ఆయన మాట వినవలసిందే. జొన్నపిండికి గోధుమపిండి మాదిరి సాగే గుణం లేదు. మసిలే నీళ్లు పోసి కలిపితే పిండిలోని గంజి ఉడికి జిగురు వస్తుంది, అప్పుడే రొట్టె విరగకుండా తట్టుకోవచ్చు. పిండి పట్టించి ఎక్కువ రోజులయితే అంచులు పగులుతాయి. పెనం మీద వేసినాక పైన తడిచెయ్యి రాయాలి, ఆ తడి ఆరీఆరకముందే తిప్పాలి, చివర నిప్పుల సెగ చూపితే పొంగుతుంది. నంద్యాల పక్క పచ్చజొన్న రొట్టెకు ఒక తీపి ఉంటుంది, అది తెల్లజొన్నకు రాదు. ఇదంతా మామ పూసగుచ్చినట్టు చెబుతాడు. రొట్టెలు తట్టే మనిషి నుదుటి చెమట మోచేతితో తుడుచుకుంటూ వింటుంది. "అట్లయితే రెండు తట్టు మామా" అంటే ఆయనకు ఫోను వస్తుంది.

ఆయనకు అన్నిటికన్నా ప్రీతి వగ్గాని. పుస్తకాల్లో ఉగ్గాని అని రాస్తారు. 2022 ఏప్రిల్ 4న ఆత్మకూరు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి మారింది. వగ్గాని లెక్కలో మాత్రం మామ ఇంకా కర్నూలు జిల్లావాడే. బొరుగులు నీళ్లలో వేసి వెంటనే తీయాలి, రెండు చేతుల మధ్య పిండాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే ముద్ద, తొందరపడితే గొంతులో గరగర. ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, టమోటా మగ్గాక పసుపు, ఆపైన బొరుగులు, దించేముందు పుట్నాలు, ఎండుకొబ్బరి, తెల్లగడ్డ కలిపి కొట్టిన పొడి. నిమ్మకాయ పొయ్యి మీద ఉండగా పిండితే చేదెక్కుతుందని ఒక వర్గం, పిండినా ఏమీ కాదని ఒక వర్గం. మామ ఏ ఇంటికి పోతే ఆ ఇంటివాళ్లకు ఎదుటి వర్గంలో ఉంటాడు. పక్కన మిరపకాయ బజ్జి తప్పనిసరి. బస్టాండు బజ్జీ నూనెను ఇంట్లో ఆడవాళ్ల ముందు తిట్టి, పొద్దున ఏడింటికి ఆ బండి దగ్గరే చుట్టాలకు కనిపిస్తాడు. నూనె ఎట్లుందో చూడటానికి వచ్చినానని చెబుతాడు.

బయటి ఊరి అతిథి దొరికిన రోజు మామకు పండగ. గుంటూరు పక్క అల్లుడు సాయంత్రం బయలుదేరబోతాడు. ఆత్మకూరు నుంచి దోర్నాల పోయే దారి నల్లమలలో పులుల అభయారణ్యం గుండా పోతుంది, రాత్రిపూట బండ్లను వదలరు. మామకు ఆ సంగతి తెలుసు. కబుర్లు మెల్లగా సాగదీస్తాడు, టైము చూసి నిట్టూరుస్తాడు, "బైర్లూటి దగ్గర గేటు వేసేసి ఉంటారు అల్లుడా, పొద్దున పోదువులే" అంటాడు. ఇక తప్పించుకునే దారి లేదు. రాగిసంగటి ముద్ద, మధ్యలో గుంత, గుంతలో నెయ్యి, పక్కన నాటుకోడి పులుసు. గోంగూర గొప్ప తమదేనని నమ్మి వచ్చిన అల్లుడికి సంగటి నమలకుండా మింగడంలోని కిటుకు మీద అర్ధరాత్రి దాకా బోధ. వండిన అత్తకు ఆ రాత్రి ఆఖరున మిగిలేది మాడుచెక్క. ఆమె తిన్నదా అని అడగడం మామ పాఠంలో లేదు.

ఆయన నోరు మూతపడే చోట్లు రెండే. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి వేలమంది భక్తులు కాలినడకన శ్రీశైలం పోతూ ఆత్మకూరు మీదుగా అడవిలోకి దిగుతారు. దారి పొడుగునా అన్నదానం పందిళ్లు వెలుస్తాయి. కన్నడంవాళ్లు మూటలో తెచ్చుకునే గట్టి జొన్నరొట్టె, వేరుశనగ పొడి అడిగి రుచి చూసి, మామ తల ఊపుతాడు, గానీ అనడు. రెండోది చిన్ననాటి స్నేహితుడైన భాయ్ ఇల్లు. అక్కడ శనగపప్పు, సొరకాయ, మటన్ వేసి చింతపండు పులుపుతో చేసే దాల్చా బగారన్నంలో కలిపి, మూడోసారి వడ్డించుకునేదాకా తల ఎత్తడు. 'మా యమ్మ'కు దాల్చా చేయడం వచ్చేది కాదు గనక పోల్చడానికి ఏమీ ఉండదు. రంజాన్ నాడు షీర్ ఖుర్మా గిన్నె ఇంటికి వస్తే దాన్ని మనవళ్లకు అందనంత ఎత్తున పెడతాడు.

ఈ రకం మనిషి ఎట్లా తయారయ్యాడో తెలియాలంటే ఆయన చిన్నతనం చూడాలి. అప్పట్లో మెట్టపొలాల ఇళ్లలో రోజూ తినేది జొన్న, కొర్ర, రాగి. వరన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. కొర్రకూడు ముందు పెడితే ఏడ్చి, వరన్నం ఎప్పుడని అడిగి దెబ్బలు తిన్న పిల్లల్లో మామా ఒకడు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204 విడుదలయింది. కాలువల కింద అది పండి కర్నూలు సోనాగా పేరు తెచ్చుకుంది. అన్నం రోజువారీ తిండి అయింది, మామకు పొట్ట వచ్చింది, తర్వాత చక్కెర జబ్బు వచ్చింది. డాక్టరు కొర్రలు తినమన్నాడు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేసరికి మామ, తాను ఎప్పటినుంచో చెబుతున్నది ఇదేనన్నాడు. నంద్యాల పరిశోధనా కేంద్రం కొర్రలో సూర్యనంది, నరసింహరాయ లాంటి రకాలు తెచ్చిందని పెళ్లిళ్లలో కూడా చెబుతాడు. ఒకప్పుడు ఏడ్చి తోసేసిన కూడు ఇప్పుడు సోనా బియ్యం కన్నా ఖరీదు పెట్టి కొని, "ఆ రుచి రాల్యా" అని బాధపడతాడు. ఎట్లా వస్తుంది? అప్పుడు పొద్దున్నుంచి గుంటక వెంబడి నడిచి, ఎండకు మాడి, మధ్యాహ్నానికి సద్దిమూట విప్పేవాడు. ఇప్పుడు రెండు టీలు, ప్లేటు వగ్గాని, మూడు బజ్జీలు పడినాక కొర్రన్నం ముందుకు వస్తోంది.

అమెరికాలో ఉన్న కొడుకు కుటుంబం వీడియో కాల్‌లో ఊరిబిండి పచ్చడి చేస్తుంటే, ఫోను గిన్నె మీదికి వంచమని, రంగు చూసి ఉప్పు తేల్చిన మామలూ ఉన్నారు.

కూతురి కాన్పుకు అత్త వెళ్లిన నెలలో మామ పొయ్యి ముట్టించవలసి వస్తుంది. మొదటిరోజు వగ్గాని చేస్తాడు. బొరుగులు ముద్దయితే బొరుగులు మంచివి కావంటాడు. రెండోరోజు నుంచి భాయ్ ఇంటి నుంచి టిఫిన్ క్యారియరు వస్తుంది, బస్టాండు బండి దగ్గర ఖాతా మొదలవుతుంది. అత్త తిరిగొచ్చిన పూట చేసిన ఉత్త టమోటా పప్పును గిన్నె ఊడ్చి తింటాడు. ఆ పూటకు గానీ ఉండదు. మర్నాడు ఉంటుంది.

అత్తలు దీనికి ఎప్పుడో విరుగుడు కనిపెట్టారు. కూర దించేముందు ఒక చిటికెడు ఉప్పు తగ్గించి మామను పిలుస్తారు. ఆయన అరచేయి చాచి, చప్పరించి, "రోంత ఉప్పు తక్కువైంది" అంటాడు. "అవునా, నువ్వు చెప్పబట్టి సరిపోయింది" అని అత్త పక్కనే తీసి పెట్టుకున్న చిటికెడు వేస్తుంది. మామ గడప వదిలి కంచం ముందుకు పోతాడు, వంటింట్లోకి మనుషులు రావడానికి దారి దొరుకుతుంది. కొత్త కోడళ్లకు ఈ పద్ధతి పెళ్లయిన నెలలోపే అందుతుంది. తాలింపులో ఎండుమిరపకాయ ఎప్పుడు వేయాలో ఆ తర్వాత నేర్పుతారు.