నల్ల వేలి శాస్త్రం

రక్తం బాగుందో లేదో తెలియాలంటే ల్యాబుకు వెళ్లాలి. బోరు నీళ్లు తాగొచ్చో లేదో తేలాలన్నా సీసాలో పట్టి పంపాలి. ఇంజన్ ఆయిల్‌కు ఆ తిప్పలేవీ లేవు. మెకానిక్ చూపుడు వేలు చాలు. గేజ్ కమ్మి పైకి లాగి, దాని చివర వేలాడే చుక్కను రెండు వేళ్ల మధ్య రుద్ది, ఆ వేళ్లను తెచ్చి మన ముక్కు ముందు పెడతాడు. నోటితో ఒక్క మాటా అనడు. మిగతాది నలుపు చూసుకుంటుంది. "సర్లే, మార్చెయ్" అని మనమే అంటాం. అప్పుడు పెదవి విప్పుతాడు: "మంచి టైముకొచ్చినవన్నా, ఇంకో వంద కిలోమీటర్లు తిప్పుంటే ఇంజన్ బోరుకొచ్చేది."

ఈ శాస్త్రం ఇంతవరకు గురి తప్పిన దాఖలా లేదు. తప్పే వీలే లేదు కూడా. నల్లబడని ఆయిల్ ఏ బండిలో ఉంటుంది? డీజిల్ బండిలోనైతే పొద్దున కొత్త ఆయిల్ పోయించుకుని పక్క జిల్లాలో పెళ్లి చూసుకుని వచ్చేసరికే రంగు మారిపోయి ఉంటుంది. సిలిండర్లో ఇంధనం మండినప్పుడల్లా కాస్తో కూస్తో మసి పుడుతుంది. ఆ మసి లోపలి భాగాలకు అంటుకోకుండా, ఎక్కడా ముద్దకట్టకుండా తనలోనే తేలేలా పట్టి ఉంచడానికే ఆయిల్లో డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు కలుపుతారు. అంటే నల్లబడటం దాని ఉద్యోగం. బట్టలుతికిన నీళ్లు మురికయ్యాయని సబ్బును తిట్టేవాళ్లను నేనింకా చూడలేదు గానీ, ఆయిల్‌ను మాత్రం ఊరూరా తిడుతున్నాం. నిజానికి నెలల తరబడి తిరిగిన డీజిల్ ఇంజన్లో ఆయిల్ తేనె రంగులోనే ఉంటే అప్పుడు కంగారు పడాలి, పుట్టిన మసంతా ఎక్కడ పేరుకుందోనని.

ఆయిల్ పనికొస్తుందో లేదో తేల్చేవాళ్లు చూసేవి వేరే. చిక్కదనం ఎంత తగ్గింది, ఆమ్లం ఎంత పెరిగింది, ఇనుప రజను ఎంత చేరింది, పెట్రోలో నీళ్లో కలిశాయా అని చూస్తారు. వీటిలో చాలావరకు వేలికి తెలియవు. రంగు చూసి పరుగెత్తాల్సిన సందర్భం ఒకటుంది: ఆయిల్ తెల్లగా నురగ కట్టినట్టు కనిపిస్తే నీళ్లో కూలెంటో కలిసిందని అనుమానించాలి. విచిత్రమేమిటంటే, నలుపు కాదు కదా అని దాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లూ ఉన్నారు.

ఇక అంకె సంగతి. అమెరికాలో చాలాకాలం మూడు వేల మైళ్లకోసారి ఆయిల్ మార్చాలనే నమ్మకం ఉండేది. మూడు వేల మైళ్లంటే మన లెక్కలో దాదాపు 4,800 కిలోమీటర్లు. ఇంజన్లూ ఆయిళ్లూ మెరుగుపడ్డాక అంత తరచుగా అవసరం లేదనీ, ఎవరి బండి పుస్తకంలో ఏ అంకె ఉందో చూసుకోండనీ కాలిఫోర్నియా ప్రభుత్వమే ప్రచారం చేయాల్సి వచ్చింది. మన దగ్గరా మూడు వేలే. కాకపోతే కిలోమీటర్లు. మైలు ఏ సముద్రంలో జారిపోయిందో గానీ అంకె మాత్రం చెక్కుచెదరలేదు.

మరి మన బండి పుస్తకంలో ఏముంది? ఇప్పటి పెట్రోలు కార్లు చాలావాటికి పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మామూలు బైకులకు సాధారణంగా అయిదారు వేలు, కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో, పాలిథిన్ కవరు విప్పకుండా, వాహన పూజ నాటి కుంకుమ మరకతో భద్రంగా ఉంది. దాన్ని తయారుచేసినవాళ్లు ఇంజన్‌ను వేల గంటలు తిప్పి చూసి ఆ అంకె వేశారు. కానీ వాళ్లు మనకేమవుతారు? మన బావమరిది మాటకున్న విలువ వాళ్ల మాటకెలా వస్తుంది?

"కంపెనీవాడికి మన రోడ్లేం తెలుసు, మన దుమ్మేం తెలుసు" అనేది బావమరిది బ్రహ్మాస్త్రం. తెలుసండీ. అదే పుస్తకంలో దుమ్ము, బరువు, ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడవడం, మరీ దగ్గరి ప్రయాణాలు, వీటన్నిటికీ వేరే పట్టిక ఉంటుంది. అందులో గడువు తగ్గించే ఇస్తారు. అసలు తమాషా ఇక్కడుంది. కూకట్‌పల్లిలో ఓ పెద్దాయన కారు రైతు బజారుకీ గుడికీ తప్ప ఎక్కడికీ పోదు. ఏడాదికి రెండు వేలు కూడా తిరగదు కాబట్టి ఆయిల్ కొత్తదేనని ఆయన ధీమా. ఇంజన్ ఒళ్లు వేడెక్కేలోపే ఇల్లొచ్చేస్తుంది. ఆయిల్లో చేరిన తేమ, పచ్చి పెట్రోలు ఆవిరయ్యే సందే ఉండదు. కిలోమీటర్లు నిండకపోయినా తేదీ చూసి మార్చాల్సిన బండి అది. ఆయన కొడుకు వారం వారం విజయవాడ హైవే మీద హాయిగా వెళ్లొస్తాడు. ఇంజన్‌కు అంతకన్నా సుఖం లేదు. మూడు వేలు దాటగానే నిద్రపట్టక షెడ్డుకు పరుగెత్తేది మాత్రం అతనే.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగిన మతం ఇంకొకటుంది. వీళ్లు ఆయిల్ మార్చరు, పోస్తారు. తగ్గినప్పుడల్లా పావు లీటరు. ఎన్నేళ్ల కిందటి ఆయిల్ అడుగున ఉందో ఇంజన్‌కే తెలియాలి. అయినా వీళ్లు ఓ విషయంలో మొదటివాళ్లకన్నా నయం, కనీసం మట్టమైనా చూస్తారు. నలుపును చూసి వణికే భక్తులకు కమ్మి మీద రెండు గీతలున్నాయన్న సంగతే పట్టదు. ఆయిల్ నల్లగా ఉన్నా ఇంజన్ తిరుగుతుంది. లేకపోతే పట్టేస్తుంది. "ఎర్ర లైటు వెలుగుతుంది కదా" అంటారు. ఆ లైటు చెప్పేది మట్టం కాదు, ఒత్తిడి. అది వెలిగాక రోడ్డు పక్కకు తీసి ఆపడమే, షెడ్డు దాకా పోదామనుకుంటే ఆ తర్వాతి బిల్లు లీటర్ల లెక్కన రాదు.

రంగు గురించి ఇంత పట్టింపు ఉన్న మనిషి, లోపల ఏ ఆయిల్ పోస్తున్నారో అడుగుతాడా అంటే అడగడు. డబ్బా మీద గుర్రమో మంటో ఉంటే చాలు. క్లచ్ ఆయిల్లోనే మునిగి ఉండే బైకులో కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చని, అందుకే బైకు డబ్బా మీద జాసో ఎంఏ అని రాసి ఉంటుందని చెబితే, "ఆయిల్ ఆయిలే కదండీ" అని మనల్నే జాలిగా చూస్తాడు. పెద్ద షోరూముల తీరు మరీ నాగరికం. అక్కడ వేలు చూపించరు, టై కట్టుకున్న అబ్బాయి ట్యాబ్ చూపిస్తాడు. ఇంజన్ ఫ్లష్, డీకార్బనైజింగ్, ఇంకేదో కోటింగ్. ఇవి పుస్తకంలో ఎక్కడున్నాయో చూపించమంటే సార్ రికమండెడ్ సార్ అంటాడు. ఎవరు రికమండ్ చేశారని మాత్రం అడగకూడదు.

ఇంతకీ మూడు వేలకే దింపేసిన ఆయిల్ ఏమవుతోంది? వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమని 2016 నిబంధనలు చెబుతున్నాయి. దాన్ని రీసైకిల్ చేయించే బాధ్యత ఉత్పత్తిదారులదేనని 2024 ఏప్రిల్ నుంచి ఇంకో నిబంధన కూడా అమల్లోకి వచ్చింది. షెడ్డు మూల నల్లటి క్యాను దగ్గరికి ఈ వార్త ఇంకా చేరలేదు. సాయంత్రం సెంట్రింగ్ మేస్త్రీ వస్తాడు, ఓ క్యాను పట్టుకుపోతాడు, కాంక్రీటు అతుక్కోకుండా రేకులకు గుడ్డతో పూస్తాడు. పది వేల కిలోమీటర్లు తిరగాల్సిన ఆయిల్ మూడో వంతుకే వాలంటరీ రిటైర్మెంటు తీసుకుని, మిగిలిన సర్వీసు మన అపార్టుమెంట్ల శ్లాబుల కింద పూర్తి చేస్తోంది.