ముద్ర లేని మీటరు

తూనికలు కొలతల శాఖలో చేసి రిటైరైనవాళ్ల వెంట బజారుకు వెళ్లకూడదు. బెండకాయలు లేతవా ముదురువా అని చూడరు, ముందు కాటా చూస్తారు. పళ్లెం అడుగున చింతపండు ముద్ద అతికించారేమోనని వేలు పెట్టి తడుముతారు. ఎలక్ట్రానిక్ కాటా అయితే సీలు ఎక్కడ, ఏ ఏడాదిది అని ఆరా తీస్తారు. మా పై అంతస్తు కుర్రాడి మావగారు సరిగ్గా అలాంటి మనిషి. గుంటూరు జిల్లాలో ఇన్‌స్పెక్టరుగా చేసి దిగిపోయారు. కూకట్‌పల్లిలో కూతురింటికి వచ్చి వారం తిరక్కుండానే మా వీధి చివరి కిరాణా కొట్టాయన కాటాకు కొత్తగా ముద్ర వేయించుకొచ్చాడు.

అల్లుడిది సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఈమధ్య అతనికి ఫిల్ము కెమెరా పిచ్చి పట్టింది. వాళ్ల తాతగారి యాషికా-డి ఒకటి అటక మీద బయటపడింది. ముందు రెండు కళ్లు, పైనుంచి తొంగిచూసే అద్దం, రోలుకు పన్నెండు చదరపు బొమ్మలు. లెన్సు బూజు పట్టలేదు, షట్టరును ఒకాయన విప్పి శుభ్రం చేసిచ్చాడు. లేనిదల్లా వెలుగు కొలిచే మీటరు. ఎపర్చరు ఎంత పెట్టాలో, షట్టరు ఎంత వేగంగా కొట్టాలో మనమే చెప్పాలి. తప్పు చెప్తే ఆ కెమెరా అడ్డు చెప్పదు, తప్పుగానే తీసిపెడుతుంది. రోలు, డెవలపింగు, స్కానింగు కలుపుకుంటే ఇప్పుడు ఒక్కో బొమ్మ వంద రూపాయలు దాటుతోంది. అందుకని చేతిలో పట్టుకునే లైట్‌మీటరు ఒకటి, చవగ్గా, కావాలని బయల్దేరాడు.

నన్నడిగితే మన ఎండలో ఆరుబయట మీటరు దండగ. 100 ఐఎస్‌ఓ ఫిల్ము వేసి, ఎపర్చరు 16 మీద పెట్టి, సెకనులో నూట పాతికో వంతు కొడితే బొమ్మ వచ్చి తీరుతుంది. ఎండ మెత్తబడితే 11, మబ్బు పడితే 8. ఒకప్పుడు ఫిల్ము డబ్బాతో వచ్చే కాగితం మీద సూర్యుడి బొమ్మ, మబ్బు బొమ్మ వేసి ఈ మాటే చెప్పేవారు. ఆరో నిజాం దర్బారును ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. వెలుగు పడితే కరెంటు పుట్టించి ముల్లు కదిలించే మీటరును వెస్టన్ కంపెనీ బజారులోకి తెచ్చింది 1932లో. అంటే ఆయన గాజు పలకలన్నీ మీటరు ముల్లు మొహం చూడనివే. మన ఊళ్లలో స్టూడియోవాళ్లు కూడా ఎప్పుడూ అవే దీపాలు, అదే దూరం, అదే తెర పెట్టుకునేవారు కాబట్టి లెక్క వాళ్ల చేతివేళ్లలోనే ఉండేది.

చిక్కంతా వరండా దగ్గర మొదలవుతుంది. చూరు నీడ, వంటింటి కిటికీ, దీపాలు పెట్టే వేళ. కన్ను ఎంత చీకటికైనా సర్దుకుపోతుంది, ఆ సర్దుకోవడమే మనల్ని మోసం చేస్తుంది. బయట నుంచి గదిలోకి వస్తే వెలుగు వందో వంతుకు పడిపోయినా, కాసేపటికి “బాగానే ఉంది” అనిపిస్తుంది. ఫిల్ముకు అలా అనిపించదు. ఇక్కడ మీటరు కావలసిందే.

ఆ మాటకే ఇంట్లో చిన్న తగవు అయింది. “ఫోన్లో యాప్ ఉంటుందటగా, అది చాలదా?” అంది భార్య.

“ఫోను చూసి వెలుగు కొలిచేవాడు ఫొటో కూడా ఫోనుతోనే తీసుకోవచ్చు” అన్నాడతను. ఆమె ఇక మాట్లాడలేదు. మావగారు పేపరు చదువుతూ విన్నారు.

అతని వాదనలో పస లేకపోలేదు. మీటర్లు రెండు రకాలు. ఒకటి వస్తువు మీద పడి తిరిగొచ్చే వెలుగును కొలుస్తుంది. రెండోది వస్తువు దగ్గరే నిలబడి, దాని మీద పడే వెలుగును కొలుస్తుంది. మొదటి రకానికి లోకమంతా ఒకే రంగు. ఎదురుగా ఏమున్నా అది నడిమి బూడిదరంగే అనుకుని లెక్క కడుతుంది. పెళ్లికూతురి తెల్లచీరను బూడిదచీర చేస్తుంది, గేదెను కూడా బూడిదరంగుకే తెస్తుంది. రెండో రకం మీద తెల్లటి అర్ధగోళం, పింగ్‌పాంగ్ బంతిని సగానికి కోసినట్టు ఉంటుంది. దాన్ని మనిషి మొహం దగ్గర పెట్టి కెమెరా వైపు తిప్పితే చాలు, చీర తెలుపైనా నలుపైనా దానికి పట్టదు. ఫోను కెమెరా మొదటి రకం. అది సరిగ్గా చెప్పాలంటే ఎదురుగా బూడిదరంగు కార్డొకటి పట్టుకోవాలి. పైగా మే నెల ఎండలో ఫోను వేడెక్కి తెర మసకబారుతుంది, సరిగ్గా సూర్యుడు కుంకే క్షణంలో ఎవరో ఫోను చేస్తారు.

కొత్త సెకోనిక్ 308 మీటరు ధర చూస్తే ఐదంకెలు. కెమెరా నెత్తిన తగిలించుకునే చిన్న చైనా మీటర్లు చవకే గాని దాదాపు అన్నీ మొదటి రకమే. ఇక మిగిలింది సెకండ్‌హ్యాండు. కోఠీలో గుజరాతీ గల్లీ దగ్గర పాత కెమెరాలు అమ్మే పెద్దాయన ఉన్నాడని తెలిసి, శనివారం బయల్దేరాం. “నేనూ వస్తాను అల్లుడుగారూ” అని మావగారు చెప్పులు వేసుకున్నారు. కొలత సాధనం కొంటున్నారంటే ఆయన ఇంట్లో ఎలా ఉంటారు?

కొట్టాయన గాజు బల్ల మీద మీటర్లు పరిచాడు. మావగారు ఒకటి చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పారు.

“ముద్ర లేదే?”

“గీటికి ముద్రలుండవ్ సార్. నమ్మకమే” అన్నాడు కొట్టాయన.

“నమ్మకం మీద నడిచే కాటాలు నేను చాలా సీజ్ చేశాను” అన్నారు మావగారు.

అల్లుడు నవ్వి సంచీ విప్పాడు. అతను పద్ధతిగల మనిషి. బూడిదరంగు కార్డు తెచ్చుకున్నాడు, నోటుబుక్కు తెచ్చుకున్నాడు. మూడు చోట్ల చూడాలన్నాడు: గల్లీలో ఎండ పడ్డ చోట, కొట్టు ముందు నీడలో, లోపల ట్యూబులైటు కింద. ఒక్క వెలుగులో సరిపోయిన మీటరు మరో వెలుగులో చేతులెత్తేయొచ్చు. ప్రతి చోటా ముందు కార్డు నిలబెట్టి, ఫోను పట్టి అంకె రాసుకుని, తర్వాత మీటర్లు ఒక్కొక్కటీ అదే వెలుగులో పెట్టి వాటి అంకెలు పక్కన రాశాడు. ఆ గడుల పట్టిక చూసి మావగారి మొహం వికసించింది.

“ఇదీ సరిచూడటమంటే! మా జూనియర్లకు ఇంత ఓపిక ఉండేది కాదు” అన్నారు.

మొదట వచ్చింది రష్యా లెనిన్‌గ్రాడ్-4. సెలీనియం పలక, బ్యాటరీ అక్కర్లేదు, ధర మరీ చవక. ఎండలో ఒక స్టాపు తక్కువ, అంటే ఉన్న వెలుగులో సగమే, చూపించింది. నీడలోకి వచ్చేసరికి రెండు తక్కువ. ట్యూబులైటు కింద ముల్లు మేలుకోనే లేదు. సెలీనియానికి ఇదే జబ్బు. ఏళ్ల తరబడి వెలుగూ తేమా తగిలితే సత్తువ పోతుంది, పోయింది తిరిగి రాదు. వాడకుండా చీకటి పెట్టెలో దాచినవే బతికి బట్టకడతాయి.

“ఎప్పుడూ ఒకే తప్పు చెబితే దిద్దుకోవచ్చు. చోటుకో తప్పు చెప్పేది దొంగకాటా” అని మావగారు తీర్పిచ్చారు. లైట్‌మీటర్ల గురించి ఇంతకంటే పనికొచ్చే మాట నేను ఎక్కడా వినలేదు.

రెండోది జర్మనీ గాసెన్ లూనాసిక్స్. వెన్నెలను కూడా కొలవగల మొనగాడు. దానికి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు రెండు కావాలి. పాదరసం విషమని అమెరికా 1996లో వాటిని అమ్మకుండా చట్టం చేసింది, ఇప్పుడవి ఎక్కడా తయారు కావడం లేదు. కొట్టాయన 1.5 వోల్టుల మామూలు సెల్లులు వేసి పెట్టాడు. ముల్లు హుషారుగా లేచింది గాని, వోల్టేజి పెరిగిన హుషారు అది. ఉన్న వెలుగు కంటే ఎక్కువ చెబుతోంది. నమ్మితే నెగెటివ్ పల్చబడుతుంది.

“చెవి మిషను సెల్లు ఏస్తే నడుస్తది సార్, అది 1.4” అన్నాడు కొట్టాయన. “రింగు పెట్టాలె, సైజు చిన్నది.”

మావగారు చెవి తడుముకున్నారు. “నాది ఇస్తే ఎన్నాళ్లు వస్తుంది?”

“గాలి తగిలినంక శానా దినాలు రాదు సార్, ఎండిపోతది.”

“అయితే నాకే ఉండనీ” అన్నారాయన. లూనాసిక్స్ పక్కకు పోయింది.

వెస్టన్ మాస్టరు చూడ్డానికి రాజాలా ఉంది. అందుకే ధర కూడా రాజాలాగే చెప్పాడు. దాని డయలు మీద ఫిల్ము వేగం వెస్టన్ సొంత లెక్కలో ఉంటుంది, 100కు బదులు 80 పెట్టాలి. ఆ మాట తెలియక కొన్నవాళ్లు పాపం మీటరును తిడతారు. కొట్టాయన ఊరుకోక దాన్ని మావగారి తెల్లపంచె మీదికి తిప్పాడు, తర్వాత తన నల్లగొడుగు మీదికి. ముల్లు ఆ చివరి నుంచి ఈ చివరికి ఊగింది.

“సరుకును బట్టి తూకం మారుతోందేమిటి?” అన్నారు మావగారు, చటుక్కున పంచె సర్దుకుంటూ.

చివరికి తేలింది సెకోనిక్ 398. స్టూడియో డీలక్స్ అంటారు. తెల్లటి అర్ధగోళం, తిరిగే తల, నడిమధ్య బొత్తాం. బొత్తాం నొక్కి వదిలితే ముల్లు అక్కడే ఆగిపోతుంది, తాపీగా చదువుకోవచ్చు. పాత 398లో ఉన్నదీ సెలీనియమే. కాబట్టి అల్లుడు ముందు అర్ధగోళాన్ని అరచేత్తో మూసి ముల్లు సున్నా మీదికి వచ్చిందో లేదో చూశాడు. వచ్చింది. తర్వాత చిల్లుల రేకు ఏదని అడిగాడు. ఎండలో ముల్లు స్కేలు దాటిపోకుండా, వెలుగును వడకట్టడానికి తలలో దూర్చే చిన్న రేకు అది. ఈ మీటర్లు కొనేవాళ్లు మరిచిపోయేది, అమ్మేవాళ్లు పోగొట్టేది దాన్నే. అది లేకపోతే మన ఎండాకాలంలో ఆ మీటరు ఉన్నా లేనట్టే. కొట్టాయన సొరుగులన్నీ వెతికి, పాత ఉత్తరాల కింద నుంచి తీసిచ్చాడు.

ఎండలో మూడో వంతు స్టాపు తక్కువ. నీడలో మూడో వంతు తక్కువ. ట్యూబులైటు కింద కూడా అంతే. పట్టికలో మూడు గడులూ ఒకే మాట చెప్పాయి. డయలు మీద 100కు బదులు 125 పెట్టుకుంటే సరిపోతుంది. నెగెటివ్ ఫిల్ముకు ఆ దిద్దుబాటు కూడా అక్కర్లేదు, కాస్త ఎక్కువ వెలుగు దానికి మేలే. స్లైడు ఫిల్ము వేసినప్పుడు మాత్రం తప్పదు.

“తీసుకోండి. ఇది నిజాయితీగల తప్పు” అన్నారు మావగారు.

కొట్టాయన ఏడు వేలన్నాడు. మావగారు ముద్ర లేని సంగతి మళ్లీ ఎత్తారు. ఐదున్నర దగ్గర తెగింది. అల్లుడు మీటరును మెళ్లో వేసుకున్నాడు. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో మెట్రో ఎక్కేదాకా దాన్ని వదిలిపెట్టలేదు. రైల్లో కూర్చున్నవాళ్ల మొహాల మీద ఎంత వెలుగు పడుతోందో కొలుస్తూనే ఉన్నాడు.

అమీర్‌పేట దాటాక మావగారు గొంతు సవరించుకున్నారు.

“బేరం బాగుంది అల్లుడుగారూ. నాకు ఒక్కటే సందేహం.”

“అడగండి మావయ్యగారూ.”

“మా శాఖలో కొట్టువాడి రాయిని మా దగ్గరున్న రాయితో సరిచూస్తాం. మా రాయిని పై ఆఫీసు రాయితో సరిచూస్తారు. అలా పోగా పోగా అన్నిటికీ పెద్దది ఢిల్లీలో, నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో ఉంటుంది. కింది రాయి తప్పొప్పులు పై రాయి చెబుతుంది. అవునా?”

“అవునండి.”

“ఇవాళ మీరు మీటర్లన్నిటినీ ఒకదాంతో సరిచూశారు. దానితో కలవనివన్నీ దొంగవన్నారు. ఇది కలిసిందనే కొన్నారు. కలవని మూడో వంతు కూడా దీని తప్పే అన్నారు గాని దాని తప్పు అనలేదు.”

అల్లుడు మీటరు కిందికి దించాడు.

“ఆ పెద్ద రాయి మీ చొక్కా జేబులోనే ఉంది కదా. దాని వెల ఎంత?”

“యాప్ అండీ అది” అన్నాడు అల్లుడు. “ఫ్రీ.”