గాజుపలక ఆత్మకథ

నా తనువు గాజు. నాకు ప్రాణమని చెప్పదగినది మాత్రము, పేరెఱుగని యొక రోగి ఊపిరితిత్తినుండి శస్త్రవైద్యులు తొలగించిన కణితిలోనిదై, మైనమున పోతపోసి తలవెండ్రుకకంటెను పలుచగా కోయబడిన యొక పొర. కణకేంద్రములకు నీలిమను, తక్కిన భాగములకు గులాబివన్నెను పట్టించు రంగులలో దానిని ముంచి, నాపై పఱచి, మీద పలుచని గాజుఱేకు నొకదానిని అంటించిరి. రోగనిర్ణయము చేయు వైద్యుడు నన్ను సూక్ష్మదర్శినిలో చూచి, క్యాన్సరేయని వ్రాసికొని, పెట్టెలో పెట్టెను. నావంటివారి చరిత్ర సామాన్యముగా అంతటితో సమాప్తము.

ఇంగ్లండులో నార్త్‌వుడ్‌నందలి మౌంట్ వెర్నన్ ఆసుపత్రిలో పనిచేయు ఇరువురు, నావంటి పలకలను అనేకముగా చేరదీయుటచే నా బ్రదుకు మలుపు తిరిగినది. వారిలో నొకడు థామ్లిన్సన్ అను వైద్యుడు. రెండవవాడగు హాల్ గ్రే వైద్యుడే కాడు; కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలయందు భౌతికశాస్త్రమున ఆఱితేఱి, పిదప కిరణచికిత్సవైపు మఱలినవాడు. అట్టివానికి చూచుటతో తృప్తి కలుగదు, కొలువవలెను.

నాయందు కొలువదగిన దేమున్నదందురా? ఈ జాతి కణితిలో కణములు గట్టి పేటలుగా ఏర్పడి పెరుగును. రక్తనాళములు ఆ పేటల వెలుపలనే కాని లోపల నుండవు. సన్నని పేటలలో కణములన్నియు సజీవములు. లావైనవానిలోనో, చేవ కుళ్ళిన మానును అడ్డముగా కోసినట్లు, నడుమ మృతకణముల ముద్దయు చుట్టును సజీవకణముల వలయమును కానవచ్చును. ఇది కొత్త దృశ్యము కాదు. సూక్ష్మదర్శిని పట్టిన వైద్యులెందఱో చూచినదే. ఆ వలయము మందమెంత, అంతకు మించి యేల పెరుగదు అను ప్రశ్నయే కొత్తది.

వ్యాసార్ధము సుమారు 160 మైక్రాన్లకు లోబడిన పేటలలో మృతి లేదనియు, 200 దాటినవానిలో మృతి లేనిదొక్కటియు లేదనియు, నడిమి ముద్ద ఎంత పెరిగినను సజీవవలయము మాత్రము 180 మైక్రాన్లకు మించదనియు వారు కనుగొనిరి. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. రక్తనాళమునుండి బయలుదేఱిన ప్రాణవాయువు, దారిలోని కణములు తమవంతు పీల్చుకొనగా, ఎంతదూరము పోగలదో గ్రే గణితముచే సాధించెను. ఇంచుమించు 150 మైక్రాన్లని తేలినది. కంటితో కొలిచినదియు కాగితముపై కట్టినదియు అంత సమీపమునకు వచ్చుట, లెక్కలు తెలియని నాకును పరమానందము కలిగించినది.

ఇందలి వైపరీత్యము వినుడు. కిరణము కణములోని వారసత్వద్రవ్యమును గాయపఱచినపుడు, ప్రాణవాయువు చెంతనున్నచో ఆ గాయము స్థిరపడును. లేనిచో చాలవఱకు మానిపోవును. అందుచే ఊపిరాడని కణమును చంపుటకు సుమారు మూడింతల కిరణమాత్ర కావలెను. గ్రేయు అతని సహచరులును ఈ సంగతిని 1953లోనే చాటియుండిరి. ఇక నా వలయమును తలపోయుడు: మృతికిని జీవమునకును సరిహద్దున, కొనయూపిరితో నిలిచిన కణములు కొన్ని యున్నవి, ఏ లోపము వానిని చంపవచ్చెనో ఆ లోపమే వానికి కిరణములనుండి కవచమైనది. అదియు ఎక్కడ? శ్వాసకే నెలవైన ఊపిరితిత్తిలో!

1955లో థామ్లిన్సన్, గ్రేల వ్యాసము బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ప్రచురితమైనది. అదే యేట లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రివారు రోగిని అధికపీడన ప్రాణవాయువు నింపిన పేటికలో నుంచి కిరణములు ప్రసరింపజేసిన వృత్తాంతమును ప్రకటించిరి. ఆ పద్ధతి మిక్కిలి శ్రమతో గూడినది, చికిత్సాలయములలో నిలువలేదు. కిరణమాత్రను విడతలుగా పంచి యిచ్చుట అంతకు మునుపే వాడుకలో నుండినను, అది మేలు చేయుటకు గల కారణములలో నొకటి పిదప బోధపడినది: వెలుపలి కణములు నశించినకొలది లోపలివానికి ఊపిరి అందును, మఱుసటి విడతకు అవి సులభముగా లొంగును. డెన్మార్కులో తల, మెడ క్యాన్సర్లకు ఊపిరాడని కణములను కిరణములకు లొంగదీయు నిమొరజోల్ అను మందును కిరణములకు తోడుగా నిచ్చుటయు ఈ యాలోచన సంతతియే.

గ్రే 1965లో దివంగతుడయ్యెను. పదేండ్లకు, కిలోగ్రాము పదార్థము ఒక జౌలు శక్తిని గ్రహించు కిరణమాత్రకు అంతర్జాతీయముగా అతని పేరే పెట్టిరి. నేడు ఏ దేశపు కిరణవైద్యుడైనను ఆ పేరు వ్రాయక చికిత్స సాగింపలేడు. థామ్లిన్సన్ పేరు ఆ శాస్త్రము నభ్యసించినవారికే పరిమితము. గాజుకు పక్షపాతము తగదని యెఱుగుదును గాని, ఈ విషయమున మాత్రము లోకముపై నాకు కొంత కినుక కలదు.