షట్‌డౌన్ అంటే ఆగిపోయే రోజులు

మా యానాం నుంచి పుదుచ్చేరి 800 కిలోమీటర్ల పైమాటే. అయినా రెండింటిదీ ఒకే పాలన. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం: దూరదూరంగా నాలుగు ముక్కలు. మా రోజుల్లో హార్డ్ డిస్కు చూస్తే నాకిదే గుర్తొచ్చేది. అందులోనూ ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించి కుదిరేవి కావు. ఒకటి విండోస్‌కి, ఒకటి లినక్స్‌కి, ఒకటి స్వాప్‌కి. నాలుగోది ఉమ్మడి. దానికి ఫ్యాట్32 పెట్టేవాళ్ళం.

పుదుచ్చేరిలో వీధి బోర్డు మీద పేరు తమిళంలోనూ ఫ్రెంచిలోనూ ఉంటుంది, ఎవరికి వచ్చింది వాళ్ళు చదువుకుంటారు. మా ఉమ్మడి భాగమూ అంతే. ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి కాబట్టి పెళ్ళి వీడియోను ముక్కలు చేసేవాళ్ళం. ఇబ్బందే, కాదనను. కానీ ఆ హద్దు ముందే తెలుసు. ఎన్‌టీఎఫ్ఎస్ మీద లినక్స్ నుంచి రాయడానికి మాత్రం, 2007లో ఎన్‌టీఎఫ్ఎస్-3జీ స్థిరపడేదాకా, మాకు ధైర్యం చాలేది కాదు.

ఇప్పుడు ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవరు లినక్స్ కెర్నెల్లోనే ఉంది. అయినా పాత నిశ్చింత లేదు. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే తెర ఆరుతుంది, విండోస్ కెర్నెల్ మాత్రం తన స్థితిని డిస్కులో దాచుకుని పడుకుంటుంది. ఉమ్మడి వాల్యూమ్ ఇంకా దాని లెక్కలోనే ఉంటుంది. తర్వాత లినక్స్‌లోకి వెళ్తే చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. లినక్స్ చేసేది సబబే. మొండికేసి రాశామా, విండోస్ లేచి పాత లెక్క ప్రకారం రాసుకుపోతుంది, ఫైళ్ళు చెడతాయి. ఆపమన్న యంత్రం ఆగాలి కదా! నాకు మండేది అక్కడే. త్వరగా లేవడానికి నాలుగు సెకన్లు మిగుల్చుకోవచ్చు గాక, ఆగానని చెప్పి ఆగకపోవడం ఏం పద్ధతి?

పక్కింటి అబ్బాయి మొన్న అడిగాడు: "అంకుల్, రెండింటికీ పనికొచ్చేలా ఏ ఫార్మాట్ పెట్టను?"

"ఎక్స్‌ఫ్యాట్ పెట్టు బాబూ. దాని వివరాలు 2019లో బయటపెట్టారు, లినక్స్ కెర్నెల్లోకీ వచ్చేసింది. 4 జీబీ గొడవ లేదు. కాకపోతే జర్నల్ ఉండదు, కరెంటు పోతే ముప్పే. ఇంట్లో యూపీఎస్ ఉందా?"

"ఉందండీ."

"అయితే ముందు కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్ తెరిచి ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసెయ్. ఫార్మాట్ సంగతి ఆ తర్వాతే."